బదులు డ్యూటీ

“స్వామి డ్యూటీలనే సచ్చిపోయిండు సార్. సెలవుల గాదు,” అంది మమత మళ్ళీ.

విచారణాధికారి ఉదయ్ భాస్కర్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఈ విచారణ కోసమే వేరే జిల్లా నుంచి వచ్చిన మనిషి. చెడ్డవాడేమీ కాదు. పొద్దుటి నుంచీ వరండాలో నిలబడి ఉన్నదని తెలిసి ఆమెను లోపలికి పిలిపించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. తలుపు దగ్గర బంట్రోతు “స్వామి తాలూకానా?” అని అడిగితే మమత తలూపింది. ఇప్పుడు కొంగు మెడచుట్టూ నిండుగా కప్పుకుని, కుర్చీ అంచున కూర్చుంది.

స్వామి అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్. గచ్చిబౌలిలో ఒక అద్దాల మేడకు నిప్పంటుకున్న రోజు, ఐటీ ఉద్యోగులందరినీ మెట్ల మీదుగా దించేశాక, పైన ఎక్కడో చిక్కుకుపోయిన హౌస్‌కీపింగ్ ఆమె కోసం మళ్ళీ పొగలోకి వెళ్ళాడు. ఆమె బతికింది. స్వామి బతకలేదు. పెద్దవాళ్ళు వచ్చి దండలు వేశారు, ఫొటోలు దిగారు. తీరా పరిహారం దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోయింది. ఆ రోజు స్వామికి వారపు సెలవనీ, మంటలు చూసి తనంతట తనే పరుగెత్తుకొచ్చాడనీ తేల్చేశారు. డ్యూటీలో ప్రాణం పోతే ఇంటివాళ్ళకు దక్కే పరిహారం గానీ, భార్యకిచ్చే ఉద్యోగం గానీ సెలవులో పోయినవాడికి వర్తించవట. చచ్చేముందు సెలవో కాదో చూసుకోవాలన్నమాట.

“స్టేషన్‌లో అందరూ ఒకే మాట చెప్పారమ్మా. ఆ రోజు ఫైరింజన్ మీద వెళ్ళాల్సిన మనిషే వెళ్ళాడన్నారు,” అన్నాడు ఉదయ్ భాస్కర్.

“పేరుకే సార్. ఆయన బదులు స్వామి పోయిండు.”

ఆ స్టేషన్‌లో అదొక అలవాటు. ఒకడికి ఇంట్లో పని పడితే ఇంకొకడు అతని డ్యూటీ చేసిపెడతాడు. తర్వాతెప్పుడో అతను ఇతనికి చేస్తాడు. పైవాళ్ళకు చెప్పరు, కాగితం పెట్టరు. హాజరు పిలిచినప్పుడు రానివాడి పేరుకు వచ్చినవాడు పలుకుతాడు, ఇన్‌ఛార్జి చూసీచూడనట్టు ఊరుకుంటాడు. అలా ఏళ్ళ తరబడి హాయిగా జరిగిపోయింది. ఇప్పుడు నిజం బయటికొస్తే ఇన్‌ఛార్జి మెడకు చుట్టుకుంటుంది, అసలు డ్యూటీవాడి ఉద్యోగం ఊడుతుంది. అందుకని అందరూ నోళ్ళు కుట్టేసుకున్నారు.

“ఎవరి బదులు వెళ్ళాడు?”

ఇప్పటిదాకా స్వామి పేరు గడగడా చెప్పిన మనిషి ఇక్కడ తడబడింది.

“లింగయ్య,” అంది చివరికి, తల వంచుకుని.

పేరు పలకడానికి కూడా మనసొప్పనంత కోపం కాబోలు, సహజమే అనుకున్నాడు ఉదయ్ భాస్కర్.

ఎందుకు మార్చుకున్నారని అడిగాడు. లింగయ్య బిడ్డకు జ్వరమనీ, ఆ రోజు పోవద్దని అతని భార్య పట్టుబట్టిందనీ, ఆవిడే స్వామి దగ్గరికి వెళ్ళి, అన్నా, ఇయ్యాల్టికి నువ్వు పో అని బతిమాలిందనీ చెప్పింది మమత.

“ఆమెను ఏం జేసినా పాపం లేదు సార్. తన ఇల్లు సూసుకొని ఇంకో ఇల్లు కూలగొట్టింది. బుక్క ఎట్ల దిగుతదో ఆమెకు.”

“ఇలా అవుతుందని ఆవిడకు మాత్రం ఏం తెలుసమ్మా?”

ఆ ఒక్క మాటకు మమత కట్టలు తెగినట్టు ఏడ్చింది. మొహం చేతుల్లో దాచుకుని, గోడలు వింటాయేమోనన్నంత భయంగా ఏడ్చింది. ఉదయ్ భాస్కర్ ఏం చేయాలో తోచక, కిటికీలోంచి ఆఫీసు బస్సుల వరసను చూస్తూ కూర్చున్నాడు.

“లింగయ్య ఏమంటున్నాడు?” అని అడిగాడు కాసేపటికి.

“ఏమంటడు సార్? తింటలేడు, గోడ దిక్కు తిరిగి పంటుండు. నిజం జెప్పు అంటే, నౌకరి పోతది, పిల్లల్ని ఎట్ల సాదాలె అంటుండు.”

“అంత వివరంగా మీకెలా తెలుసు?”

“నార్సింగిల పక్కపక్క పోర్షన్లు సార్. రెండిండ్లకు ఒకటే గోడ.” కళ్ళు తుడుచుకుంది. “స్వామి చిన్నకొడుకు ఇంక నడక నేర్వలే. ఇద్దరు పిల్లల్ని ముంగట ఏసుకొని ఒంటి ఆడది కిరాయి ఎట్ల కట్టాలె, ఏం తినాలె? మీరు రాస్తెనే ఆ ఇల్లు నిలబడతది.”

ఉదయ్ భాస్కర్ ముందుకు వంగాడు. “మీరన్నది రుజువైతే లింగయ్యను సస్పెండ్ చేస్తారు. ఉద్యోగమే పోవచ్చు. వాళ్ళ పిల్లలూ రోడ్డున పడతారు. ఆలోచించుకున్నారా?”

“ఆలోచించుకున్న సార్.”

ఆ గొంతులో కసి ఉందేమోనని వెతికాడాయన. కనిపించలేదు. ఉన్నదంతా భయమే.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తనకు నమ్మకం కుదిరిందనీ, కానీ తన నమ్మకాన్ని పట్టుకుని నివేదిక రాయలేననీ, రేపటితో విచారణ ముగించాలనీ చెప్పాడు.

“మీ మాట చెల్లదమ్మా. పరిహారం కోసం స్వామి భార్య అబద్ధం ఆడుతోందని ఒక్క మాటతో కొట్టేస్తారు. ఈ నిజం వల్ల నష్టపోయేవాళ్ళు చెప్పాలి. ఆ రోజు లింగయ్య ఇంట్లోనే ఉన్నాడని వాళ్ళింటి మనిషి ఒక్కరు వచ్చి చెబితే చాలు. కానీ ఎవరొస్తారు చెప్పండి, తమ కూడు తామే పారబోసుకోవడానికి?”

మమత కుర్చీలోంచి లేచి నిలబడింది. మెడచుట్టూ కప్పుకున్న కొంగు తీసేసింది.

“లింగయ్య పెండ్లాన్ని నేనే సార్.”