అత్తకు లేని టమాట

నిరోష పెరటి తలుపు తాళం తీసింది. కిటికీ జాలీ వెనక అత్త ఉందో లేదో ముందు చూసుకుంది. ఉంది. అయితే ఇక నిదానంగా కోయొచ్చు.

ఎండలు ఇంకా ముదరలేదు. పెరడు మాత్రం విరగ కాసింది. నల్ల వంకాయలు, లేత బెండకాయలు, పందిరి నుంచి వేలాడే బీరకాయలు, కొమ్మలు నేలకు వాలేటట్టు టమాటాలు. అత్త సాయమ్మ మగ్గం దిగినప్పుడల్లా పాదులు తవ్వి, ఎరువేసి పెంచిన పెరడు ఇది. గద్వాలలో ఆ వీధి వీధంతా ఈ పెరటి కూర తిన్నదే. ఇప్పుడు తాళంచెవి కోడలి చేతిలో ఉంది. సాయమ్మ ఇందులో అడుగు పెట్టడానికి కూడా లేదు.

"పిల్లా, ఒక్క టమాటకాయ ఇయ్యవే. నోరు సప్పగ సచ్చింది."

"లేదు."

"కండ్ల ముంగట గన్ని కాసినయి గద!"

"కాసినయి. నీకు గాదు."

నిరోషకు కడుపు చల్లబడింది. ఎన్నాళ్ల కసి ఇది!

క్రాంతి కుమార్ ఆమెను ఎవరికీ చెప్పకుండా పెళ్లాడి తీసుకొచ్చిన కొత్తలో, రెండు పచ్చిమిరపకాయల కోసం ఈ పెరట్లోకే వచ్చింది. "ముట్టుకోకు!" అని సాయమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది. గట్టు ఊరి నుంచి వచ్చిన కూలోళ్ల పిల్ల, చర్చికి పోయే పిల్ల చెయ్యి తగిలిందని ఆ మిరపచెట్టును వేళ్లతో సహా పీకి గోడ అవతల పారేసింది. నిండా పూత మీదున్న చెట్టు. ఆ రోజు నుంచి నిరోషకు కంచం వేరు, గ్లాసు వేరు. ఆమె నాయన ఇమ్మానుయేల్ సంచి నిండా పల్లికాయ మోసుకొస్తే, గడప బయటే నిలబెట్టి దోసిట్లో నీళ్లు పోసింది. పాపం, ఆ మనిషి నీళ్లు తాగి, సంచి గడప పక్కనే పెట్టి బస్సెక్కాడు. నిరోష మాత్రం మరచిపోలేదు. మరచిపోయే రకం కాదు.

ఇప్పుడు కంచాలు తారుమారయ్యాయి. అత్త కంచం వేరు, గ్లాసు వేరు. ఉడికి ఉడికి ముద్దయిన చప్పటి కూర, చప్పటి గంజి. ఊరగాయ జాడీ అటకెక్కింది. అత్త గదిలోకి పోవాలంటే కోడలు ముక్కుకు గుడ్డ కట్టుకుంటుంది. పరామర్శకు వచ్చినవాళ్లను గడప దగ్గరే ఆపి పంపేస్తుంది. పెరట్లో మొదటి కోత సంచి, అత్త చూస్తుండగానే, నిరోష పుట్టింటికి గట్టు బస్సెక్కింది. ఇక మధ్యాహ్నమైతే ఆ కిటికీకి ఎదురుగానే పీట వేసుకుని, జొన్నరొట్టెలోకి వంకాయ కూర, పుంటికూర పచ్చడి పెట్టుకుని వేళ్లు నాకుతూ తింటుంది.

వీధి ఊరుకుంటుందా? అందరి నోళ్లలోనూ నిరోషే. చలికాలంలో సాయమ్మకు హైదరాబాదులో పెద్ద ఆపరేషన్ అయితే, ఈ కోడలు ఒక్కసారైనా వచ్చి మొహం చూపించలేదట. పుట్టింట్లో కాళ్లు చాపుకుని కూచుందట. అంతా అయ్యాక తీరిగ్గా దిగి పెత్తనం లాక్కుందట. మొగుడు తల వంచుకుని మొక్కలకు నీళ్లు మోస్తుంటే, ఈ మహారాణి బిందె కూడా ఎత్తదట.

ఆ మాటలు మోసేవాళ్లలో పక్కింటి హన్మమ్మ మొదటిది. ఇవాళ కూడా వచ్చింది. వంకాయలు ఒడి నిండా పోయించుకుంది. నిరోష బెండ మడిలోకి వంగగానే ఎర్రటి టమాట ఒకటి తెంపి, కిటికీ జాలీ మూల లేపి లోపలికి అందించింది.

సాయమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. నోటి దాకా తీసుకుపోయింది.

నిరోష ఒక్క ఉరుకున వచ్చింది. అదే సందులోంచి చెయ్యి పెట్టి టమాట గుంజుకుంది. గుంజుకుని ఊరుకోలేదు. అత్త కళ్లలోకి చూస్తూ కసుక్కున కొరికింది. రసం గడ్డం మీదుగా కారింది. తుడుచుకోలేదు.

హన్మమ్మ నోరు తెరిచింది. "ముసల్దాని నోటికాడిది గుంజుకుంటవా? నీకు పాపం తగుల్తదే!"

"తగలనీ. ఇంకోపారి ఆమెకు ఏమన్న ఇచ్చినవో, ఈ పెరట్ల నీకు కొత్తిమీర కాడ గూడ దొరకదు, పెద్దమ్మా."

"నీ కూరగాయలు నువ్వే మెక్కు!" వంకాయలన్నీ నేల మీద కుమ్మరించి హన్మమ్మ వెళ్లిపోయింది. సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. తెలియనీ.

కిటికీ వెనక సాయమ్మ ఏడుస్తోంది. "ఎవరో పుణ్యాత్ములు నాకు పానం వోసిండ్రు. నువ్వు సప్పటి గంజి వోసి తీస్తున్నవు. నాడు చెట్టు వీకిననని గింత పగనా నీకు?"

"పగనే. నువ్వు అనుకునేదానికంటె ఎక్కువ. నిన్ను గంత అల్కగ సావనియ్య అత్తా. నువ్వు శాన ఏండ్లు బతకాలె."

నిరోష కింద పడ్డ వంకాయలు ఏరి గంపలో వేసుకుంది. చెప్పాల్సిన మాట ఒకటి నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. ఇప్పుడు చెబితే ముసలిది పంతానికి మందులు మానేస్తుంది, అంత మొండిది. ముందు డాక్టర్లు పెట్టిన ఈ పథ్యం దాటి కోలుకోవాలి. లేచి తిరగాలి. అప్పుడు ఒక రోజు ఎదురుగా నిలబెట్టి, ఒక్కో ముక్కా మెల్లగా చెబుతుంది. అది విన్నప్పుడు అత్త మొహం ఎట్లా మాడిపోతుందో తలచుకుంటేనే నిరోషకు కడుపు నిండుతుంది.

చలికాలంలో తను పుట్టింటికి పోనే లేదని, అదే దవాఖానలో పక్క గదిలో పడుకుని ఇచ్చిన తన కిడ్నీయే ఇప్పుడు అత్త ఒంట్లో పనిచేస్తోందని.