బురద సాక్ష్యం

"మట్టివంటవు గానీ, నీ బొమ్మలు ప్లాస్టర్‌వేనట గదా! మా దుర్గమ్మను వేరేకాడ చేయిస్త," అంటూ వైకుంఠం సేటు లేచాడు.

"నా మట్టి నీళ్లకు ఆగదు సేటూ! మొన్న మబ్బు పట్టంగనే ఒక గణపతి సగం కరిగిండు," అన్నాడు ధూల్‌పేటలో విగ్రహాలు చేసే భిక్షపతి. సేటు నవ్వలేదు.

అంతలో మనీష్ నుంచి వీడియో కాల్ వచ్చింది. చవితికి భిక్షపతి చేసిన గణపతిని వెంటబెట్టుకుని, పిల్లాపాపలతో సైప్రస్ దీవిలో ఒక విల్లాకు సెలవులకు పోయిన గిరాకీ అతడు.

"అన్నా! ఈడ స్విమ్మింగ్‌పూల్‌ల నిమజ్జనం చేసినం. గంటలనే గణపతి మాయం, నీళ్లన్నీ బురద! ఓనరు ఒకటే లొల్లి!"

భిక్షపతి మొహం చాటంతయింది. "ఫోన్ జర నీళ్ల దిక్కు తిప్పు భాయ్, సేటుకు కనవడాలె."

ఆ బురదను తేరిపార చూసి, సేటు మళ్లీ పీట మీద కూర్చున్నాడు. "అమ్మవారు ఐదడుగులుండాలె."

"అన్నా, మరి నా సంగతేంది?" ఫోన్లో మనీష్ మొత్తుకున్నాడు.

"పిల్లలను దింపి తొక్కించు భాయ్! మట్టి పదునుకొస్తే, వచ్చే ఏడు గణపతిని గక్కడనే చేస్త!"