గడగడా చదివిన మెసేజీ

జమ్మలమడుగులో బొంతలు కుట్టే మాబున్నికి చదువు రాదు. కొడుకు కువైట్ ఎడారిలో ఒక సేటు దగ్గర గొర్రెలు కాస్తాడు. మాట్లాడేంత సిగ్నల్ అక్కడ ఉండదు. ప్రతి శుక్రవారం అతను పెట్టే మెసేజీని మనవరాలు మసరతే చదివి వినిపించాలి.

"అమ్మా... నేను... బాగుండాను. సేటు... మంచోడు. పండక్కి..." మసరత్ ఆగింది.

"పండక్కి ఏందిమే?"

"పండక్కి... వస్తా."

మాబున్ని సూది పక్కన పెట్టింది. "పదో తరగతికొచ్చినావు. నాలుగు మాటలు సదవను ఇంతసేపా? బడి మొగం చూడని నాకు రెండు తూర్లు వింటే ఖురాన్‌లో సూరా మొత్తం నోటికొచ్చేది. ఈ కాలం పిల్లోల్లకు చేతిలో ఫోన్లే గానీ తలకాయలో ఏమీ లేదు. రేపట్నించి బడి మానుకోని నాతో బొంతలు కుట్టు."

"నాకు సదవడం వచ్చు జేజీ."

"వస్తే గడగడా సదువు. అప్పుడు పోదువులే బడికి."

మసరత్ వాకిలి వైపు చూసింది. జేజి గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఈసారి ఒక్క చోట కూడా ఆగకుండా చదివింది.

"పాపా, సేటు ఇంగా పాస్‌పోర్టు ఇయ్యలేదు. మూడేండ్లయినా పంపనంటాండాడు. నిన్న కూడా కొట్టినాడు. జేజికి ఇది సదవొద్దు. ఎప్పటి మాదిరే బాగుండానని ఏదో ఒకటి చెప్పు."

మాబున్ని గడప దగ్గర నుంచి పక్కకు జరిగింది.

"బడికి పో పాపా," అంది. "వచ్చే శుక్రవారం మాత్రం ముందర మాదిరే తడుముకుంటా సదువు."