ఓటు వరుసలో ఉజ్జీవం

అమెరికాలోని మా జార్జియా రాష్ట్రంలో ఓటు వరుసలో నిలబడ్డవాళ్ళకి నీళ్ళివ్వడం నేరం. మా బాప్టిస్టు చర్చే పోలింగు కేంద్రం, మా చర్చి పెద్ద వర్ననే ఎన్నికల అధికారి.

మే ఎండకి ముసలి మిస్ ఒడెస్సా తూలితే నేను నీళ్ళ సీసా తీశాను. వర్నన్ అడ్డొచ్చాడు.

"ఓటుకి లంచమంటారు తల్లీ. ఆవిణ్ణి ఇంటికెళ్ళి తాగి రమ్మను."

"వెళ్తే మళ్ళీ వరుస చివరికే కదయ్యా," అంది ఒడెస్సా. "నాకు బాప్తిస్మమివ్వు."

"మీకు చిన్నప్పుడే అయిందిగా?"

"మా మెథడిస్టుల చిలకరింపు బాప్తిస్మం చెల్లదు, నీళ్ళలో ముంచాల్సిందేనని మీ బాప్టిస్టులేగా అంటారు. ముంచక్కర్లేదులే, కాస్త నోటిమీద చిలకరించు."

అంతమంది ముందు రక్షణ కోరిన ఆత్మను కాదనే ధైర్యం వర్నన్‌కి లేకపోయింది. నా సీసా అందుకున్నాడు.

ఒడెస్సా ఓటేసింది. సాయంత్రానికి వరుసంతా బాప్తిస్మం పుచ్చుకుంది. ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క నాస్తికుడైతే రెండుసార్లు.