ఎంబార్గో విందు

"బండి వెనక్కి తిప్పండప్పా! ఎంబార్గో!" సరిహద్దు ఉక్కడం కాపలాదారు దాసప్ప అడ్డుగడ మీద చెయ్యేసి నిలబడ్డాడు.

గడకు ఇవతల మైసూరు సంస్థానం, పావగడ తాలూకా. అవతల మద్రాసు ప్రెసిడెన్సీ. అరమైలు దూరంలో కనిపించేదే బండి తోలుతున్న కొత్త పెళ్లికొడుకు హొన్నూరప్ప ఊరు. కొత్త కోడలు వస్తోందని అతని తల్లి రంగక్క ఊరందరినీ ఆ మధ్యాహ్నమే భోజనానికి పిలిచింది. యుద్ధం రోజులు. ఆమె ఇంట్లో బియ్యపు గింజ లేదు. ఉన్నదల్లా ఈ బండిలో కోడలి పుట్టింటివాళ్లు వేసిన రెండు మూటల బియ్యమే.

"మాయమ్మ మానం పోతాదన్నా," హొన్నూరప్ప బతిమాలాడు.

"నా నౌకరి పోతాది నాయనా. ఎంబార్గో అంటే ఎంబార్గోనే."

"అంటే ఏంది?" బండిలోంచి కొత్త పెళ్లికూతురు కాటమ్మ అడిగింది. మైసూరులో బి.ఏ. చదివిన పిల్ల.

"నాకేం తెలుసునమ్మా! దొరల మాట."

"దొరలదీ కాదు. స్పెయిన్ వాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నారు. దాని మూలంలో ఉండేది అడ్డుగడే. రేవులో ఓడలు కదలకూడదని రాజు ఆజ్ఞ ఇస్తే ఎంబార్గో అనేవాళ్లు. ఇప్పుడు సరుకులకూ అంటాండారు."

దాసప్ప తన వెదురుగడను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసుకున్నాడు. "దీనికి ఇంత కథ ఉండాదా!"

"మీ ఆర్డరులో మనుషుల్ని ఆపమని ఉండాదా?"

"లేదు. బియ్యం మాత్రమే."

కాటమ్మ బండిలోంచి ఒక్క దూకు దూకింది. "అయితే బియ్యం దాటదు, ఊరే ఇటు దాటుతాది! ఏమండీ, పోయి అత్తనూ, ఊరినీ, వంట గుండిగలనూ పిల్చుకోని రాండి!"

ఎండ నడినెత్తికొచ్చేసరికి గడ పక్కన మూడు పొయ్యిలు మండాయి. చింతచెట్ల నీడలో బంతి మీద బంతి లేచింది. "ఇట్లాంటి కోడలు ఎవరికుండాది?" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతూ రంగక్క నెయ్యి వడ్డించింది. ఒక్క గింజ గడ దాటలేదు. స్పెయిన్ రాజునే గెలిచినట్టు కాటమ్మ మొగుడి విస్తరిలోంచి వడ లాక్కుని తింది.

దాసప్ప మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కుని, త్రేన్చి, జేబులోంచి మడిచిన కాగితం తీసి కాటమ్మకిచ్చాడు.

"కోపం చేసుకోవద్దు తల్లీ. ఏడాదిగా ఎన్ని పెళ్లిబండ్లు దాటినా ఒక్కరూ నన్ను బంతికి పిలవలేదు. మీరన్నా పిలుస్తారేమోనని ఆపినా. ఎంబార్గో మొన్ననే ఎత్తేసినారు."