ఎడమ చెవి

"కదలకు తాతా! ముక్కు దగ్గరున్నా."

"ఈగ వాలింది బాబూ."

"వాలనీ. బాంబులు పడుతుంటేనే నాయకుడు కదల్లేదు, నువ్వు ఈగకి కదుల్తావా?"

గొడుగుల తాత నవ్వలేదు.

శిల్పి కొట్టుకి ఎదురుగా, రోడ్డవతల, మూతపడ్డ దుకాణం మెట్ల మీద కూర్చుని గొడుగులు బాగుచేస్తాడాయన. ఎక్కణ్ణించి వచ్చాడో ఎవరికీ తెలీదు. మండుటెండలో కూడా చెవుల చుట్టూ మఫ్లర్ విప్పడు. గొడుగులవాడికి ఎండకీ వానకీ తేడా తెలీదని వీధంతా ఆటపట్టించేది.

శిల్పి చెక్కుతున్నది నాయకుడి స్మారక ఫలకం. ఎల్లుండి దాన్ని పాత టౌన్‌హాలు బాల్కనీ కింద గోడకి బిగించాలి. యుద్ధంలో ఊరి మీద బాంబులు పడుతుంటే, నాయకుడు ఆ బాల్కనీలో మూడు గంటలు నిలబడ్డాడు. ఆయన్ని చూసి జనం గుండె దిటవు చేసుకున్నారు. తొక్కుకోకుండా వరసగా వంతెన దాటి బతికిపోయారు.

అసలు ఆ యుద్ధాన్ని నెత్తిమీదికి తెచ్చిందే ఆయనని సగం ఊరు ఇప్పటికీ తిడుతుంది. బాల్కనీ మాటెత్తితే మాత్రం తిట్టేవాళ్ళు కూడా నోరు మూసుకుంటారు. ఆ బాల్కనీని చూపించే ఇప్పుడాయన కొడుకు ఓట్లడుగుతున్నాడు.

దొరికిన ఫొటోలన్నీ యుద్ధానికి ముందు, ఎదురుగా తీసినవే. ఫలకానికి కావలసింది పక్క ముఖం. తల పట్టుకు కూర్చున్న శిల్పికి అది రోడ్డవతలే దొరికింది. అదే ముక్కు, అదే గడ్డం, అచ్చు గుద్దినట్టు. మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారంటారు, అందులో ఒకడు తన గుమ్మం ముందే ఉన్నాడని మురిసిపోయాడు.

తాత మొదట ససేమిరా అన్నాడు.

"కాదనకు తాతా. ఆ రోజు మా అమ్మ నన్ను చంకనేసుకుని పరిగెత్తింది. ఆయన రుణం ఇలాగైనా తీర్చుకోనీ."

తాత అతని మొహంలోకి చూశాడు.

"వంతెన దాటిందా మీ అమ్మ?"

"దాటబట్టే కదా ఇవాళ నీ ప్రాణం తీస్తున్నాను!"

అప్పుడు మఫ్లర్ విప్పాడు తాత. ఎడమ చెవి సగం లేదు.

"ఇదొక్కటి నిండుగా చెక్కు బాబూ. నీకు పుణ్యముంటుంది."

శిల్పి తలూపాడు. నాలుగు రోజులుగా కూర్చోబెట్టి చెక్కుతూనే ఉన్నాడు.

"ఆయనకి భయమన్నది తెలీదు కదా తాతా?"

"కాళ్ళు వణికే ఉంటాయి బాబూ. పిట్టగోడ అడ్డం కదా, కింద నుంచి కనపడవు."

మహానుభావుణ్ణి పట్టుకుని అంత మాటంటాడా అని శిల్పికి ఒళ్ళు మండింది. పెద్దవాడని ఊరుకున్నాడు.

చివరికి మిగిలింది చెవి. నాయకుడికి ఆ రోజు చిన్న గీత కూడా పడలేదని పుస్తకాల్లో రాశారు. అమ్మ మాత్రం పోయేదాకా ఒప్పుకోలేదు. "నేను బాల్కనీ కిందే ఉన్నానురా. ఎడమ చెవి తెగి భుజమంతా నెత్తురు. అయినా చెయ్యెత్తి వంతెన వైపే చూపిస్తున్నాడు" అనేది.

పుస్తకమా, అమ్మా అంటే శిల్పికి అమ్మే. తాతకిచ్చిన మాట పక్కనపెట్టి, తెగిన చెవిని తెగినట్టే చెక్కేశాడు.

మర్నాడు పొద్దున్నే స్మారక సంఘం కార్యదర్శి వచ్చాడు. తెల్లచొక్కా, చల్లటి నవ్వు. నాయకుడి దగ్గర చివరిదాకా పనిచేసిన మనిషి. ఫలకం చూడగానే ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఈ చెవేంటి?"

"ఆ రోజు తెగింది కదండీ. మా అమ్మ కళ్ళారా చూసింది."

"మీ అమ్మగారున్నారా?"

"పోయి ఆరేళ్ళయిందండీ."

"మంచిది," అన్నాడు కార్యదర్శి.

ఫలకం మీది చెవిని వేలితో తడిమాడు.

"ఆయన చెవులు రెండూ నిక్షేపంగా ఉండేవయ్యా. పోయినప్పుడు స్నానం చేయించింది నేనే. ఇంతకీ ఇది ఎవర్ని చూసి చెక్కావు?"

పనితనానికి ముచ్చటపడి అడుగుతున్నాడనుకున్నాడు శిల్పి. చేతిలో ఉలితోనే కిటికీలోంచి చూపించాడు.

రోడ్డవతల తాత తల వంచుకుని గొడుగు ఊచకి తీగ చుడుతున్నాడు.

కార్యదర్శి కిటికీ దగ్గరికి వెళ్ళి తొంగి చూశాడు.

"బాగా పోలిక ఉంది," అన్నాడు మెల్లగా. "చెవి మీదికి జుట్టు దించెయ్. రేపటికల్లా కావాలి."

ఆయన వెళ్ళాక శిల్పి ఉలి పట్టుకున్నాడు గానీ చెయ్యి సాగలేదు. అమ్మ అబద్ధమాడదు. శవానికి స్నానం చేయించినవాడు చెవుల విషయంలో పొరబడడు. రెండూ నిజమే అయితే ఆ నెత్తురు ఎవరిది?

లోపలికొచ్చింది భార్య.

"ఏమండీ, గొడుగుల తాతకి కార్లున్న చుట్టాలున్నారా? ఇద్దరొచ్చి చెరో రెక్కా పట్టుకుని ఎక్కించుకుపోయారు. మఫ్లర్ ఊడి పడ్డా తీసుకోనివ్వలేదు పాపం."

శిల్పి రోడ్డు మీదికి పరిగెత్తాడు. మెట్ల మీద సగం కట్టిన గొడుగు తెరిచే ఉంది, పక్కన మఫ్లర్ పడుంది. కారు జాడ లేదు.

ఆ మూడు గంటలూ నాయకుడు ఏ కన్నంలో దాక్కున్నాడో గానీ, ఆయన వేషంలో బాల్కనీలో నిలబడి, చెవి తెగినా చెయ్యి దించకుండా ఒక పిల్లాడి తల్లికి వంతెన దారి చూపించినవాణ్ణి, ఇవాళ ఆ పిల్లాడే ఉలితో చూపించి మరీ పట్టిచ్చాడు.