కాళ్ళకు నీళ్ళు

ఏటా సరదాగా విమానాలు నడిపేవాళ్ళంతా ఒక శని, ఆదివారాలు వకుళ వాళ్ళ మెట్టపొలంలో దిగుతారు. దిగినవాళ్ళ కాళ్ళకు నీళ్ళు పోయడం వకుళ పని. విమానాలిప్పుడు యజమానుల గొంతుతోనే మాట్లాడతాయి. విమానం మెట్టు మీద నీళ్ళు పడితే యజమాని దిగాడనుకుని మాట ఆపేస్తాయి, మళ్ళీ ఆయన ఎక్కితేనే మాట్లాడతాయి.

ఈసారి చనిపోయిన నాన్న విమానం కూడా దానంతటదే వచ్చింది. తలుపు తెరుచుకుంది. సీటు ఖాళీ.

"వకుళమ్మా, నీళ్ళేవే తల్లీ?"

అచ్చం నాన్న గొంతే. వకుళ చెంబు ఎత్తింది.

"పొయ్యమాకే!" అమ్మ చెయ్యి పట్టుకుంది. "పోస్తే ఆ గొంతు ఆగిపోద్ది."

ఆదివారం పొద్దు వాలింది. అందరూ ఎగిరిపోయారు. గొంతు మాత్రం అడుగుతూనే ఉంది.

"నాన్నని ఎంతసేపు గుమ్మంలో నిలబెడతావమ్మా?" అంటూ వకుళ చెంబు వంచింది.

అమ్మ మెట్టు తడవకుండా దోసిలి పట్టింది.

"ఉండవే... ఇంకొక్కసారి అడగనీ."